రెండు శ్రావణాలు, ఒక గీత

తప్పు నాదే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

పెళ్లికూతుళ్ల జాకెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ మాది. ఆఫీసు బెంగళూరులో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. నేను అక్కడ ఏ పనికి ఎంత ఖర్చవుతుందో విడమరిచి చెప్పే ఉద్యోగం చేస్తాను. జాకెట్ల మీద మగ్గం పని మాత్రం నగర్తపేటలో ఒక పాత మేడ మీద, మా సొంత కార్ఖానాలో జరుగుతుంది. పద్నాలుగు మంది పనివాళ్లు, వాళ్ల మీద ఒక మేస్త్రి. ఆయనది తరాల కిందటే బెంగళూరులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. కన్నడంలో బేరమాడి తెలుగులో తిట్టే మనిషి.

ఒక రోజు మా ఫైనాన్స్ హెడ్ పిలిచి, కార్ఖానా మూసేసి పనంతా బయటి కాంట్రాక్టరుకు ఇస్తే ఎలా ఉంటుందో తేల్చమన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చినవాడు, నాకన్నా పదేళ్లు చిన్న, ఎప్పుడూ గొంతు పెంచడు. కాంట్రాక్టరు జాకెట్టుకు ఇంత అని ఒకే రేటు చెప్పాడు. మన దగ్గర జాకెట్టుకు ఎంత పడుతోందో తెలిస్తే నిర్ణయం అయిపోయినట్టే.

అది తేల్చడం అంత సులువు కాదు. ఒక్క జాకెట్టు కుట్టినా వంద కుట్టినా అద్దె, జీతాలు మారవు. పూసలు, జరీ, పెళ్లిళ్ల సీజన్‌లో ఓవర్‌టైమ్ మాత్రం జాకెట్లతో పాటే పెరుగుతాయి. కరెంటు బిల్లు లాంటివి అటూ ఇటూ చెందుతాయి. వీటిని విడదీయడానికి నాకు తెలిసిన దారి లీనియర్ రిగ్రెషన్. కాగితం మీద అడ్డంగా నెలకు ఎన్ని జాకెట్లో, నిలువుగా ఆ నెల ఎంత ఖర్చో పెట్టుకుంటాం. నెలకో చుక్క. ఆ చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే తిన్నని గీత ఒకటి గీస్తాం. ఆ గీత వెనక్కి వచ్చి ఎడమ అంచును ఎంత ఎత్తులో తాకితే, జాకెట్లే లేకపోయినా తప్పని ఖర్చు అంత. గీత ఎంత నిటారుగా లేస్తే ఒక్కో జాకెట్టు అంత ఖరీదు. చదువుకునే రోజుల నుంచీ నాకు ఆ గీత మీద గొప్ప నమ్మకం. మనుషులు దాచిపెట్టేది కూడా అది బయట పెడుతుందనుకునేదాన్ని.

రెండేళ్ల చుక్కలు పెట్టాను. గీత పడింది గాని చుక్కలు దాని మాట వినలేదు. కుప్పలుగా జాకెట్లు పోయిన నెలలో ఖర్చు తక్కువ, పెద్దగా పనిలేని నెలలో ఓవర్‌టైమ్‌తో సహా ఖర్చు బోలెడు. హెడ్ తెర మీద చూసి, అక్కడ పనికీ ఖర్చుకూ సంబంధమే లేదన్నాడు. ఎవరో డబ్బు తింటున్నారని కూడా మెల్లగా అన్నాడు. నేను తలూపాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పద్నాలుగు మంది పొట్ట కొట్టే మాటకు నా తల ఎంత తేలిగ్గా కదిలింది! వచ్చే శుక్రవారం కాంట్రాక్టు మీద సంతకం అన్నారు.

మంగళవారం నగర్తపేట వెళ్లాను. చిక్కపేటలో మెట్రో దిగి, చీరల మూటలు మోసే తోపుడుబండ్లను తప్పించుకుంటూ నడిచి మేడ ఎక్కేసరికి చెమటలు పట్టాయి. మూసేస్తారన్న కబురు నాకన్నా ముందే చేరినట్టుంది, మేస్త్రి కుర్చీ కూడా చూపించలేదు. పనివాళ్లు మగ్గాల మీద నుంచి తలెత్తలేదు. నేను ప్రింటు తీసి ఆయన ముందు పరిచి, పనికీ ఖర్చుకూ పొంతన ఎందుకు లేదని అడిగాను. అడిగానంటే మర్యాదకు అంటున్నాను, నిలదీశాను. ఆయన కళ్లద్దాలు తగిలించుకుని నెలల పట్టిక మీద వేలు జరుపుకుంటూ పోయాడు. ఆగస్టు దగ్గర ఆగి, తన రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు.

"ఆ ఏడు రెండు శ్రావణాలు ఉండాయి కదమ్మా. నువ్వు ఒకటి ఎత్తి పారేస్తివి."

ఆయన రిజిస్టరు ఇంగ్లీషు నెలలతో నడవదు. పని అంతా ముహూర్తాలను బట్టి వస్తుంది కాబట్టి చైత్రం, వైశాఖం అని రాస్తాడు. ఆయన తండ్రీ అలాగే రాసేవాడట. నేను చైత్రాన్ని ఏప్రిల్, వైశాఖాన్ని మే అనుకుంటూ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. శ్రావణం రెండుసార్లు కనబడేసరికి ఎవరో మరిచిపోయి మళ్లీ రాశారనుకుని, జాకెట్లు తక్కువగా ఉన్న వరుసను కొట్టేశాను. అది అధిక శ్రావణం, రెండుమూడేళ్లకోసారి పంచాంగంలో అదనంగా వచ్చే నెల. దాని తరవాతది నిజ శ్రావణం. ఒకటి ఎగిరిపోవడంతో అక్కడి నుంచి ప్రతి నెల జాకెట్లూ అంతకు ముందు నెల ఖర్చు పక్కన పోయి కూర్చున్నాయి. దొంగలెవరూ లేరు. వరుస జరిగిందంతే.

అధికమాసం నాకు తెలియనిదా? మా హిందూపురంలో మా అమ్మ ఆ నెల వస్తే లెక్కపెట్టి ముప్పై మూడు అరిసెలు దానమిచ్చేది. పళ్లెం మోసుకెళ్లేదాన్ని నేనే. ఆ నేనే ఆఫీసు కుర్చీలో కూర్చోగానే ఏడాదికి పన్నెండు నెలలే అనుకున్నాను. తప్పు నాదని మేస్త్రితో అన్నాను. ఆయన పర్వాలేదనలేదు. అనాల్సిన పనీ లేదు.

జాకెట్లతో పాటు వెళ్లే డెలివరీ చీటీల మీద మాత్రం ఇంగ్లీషు తేదీలు ఉన్నాయి. రెండు రోజులు ఆ మేడ మీదే కింద కూర్చుని, రెండేళ్ల చీటీలను నెలల వారీగా మళ్లీ పేర్చాను. మేస్త్రి ఒక్కో కట్టా విప్పి ఇచ్చాడు. అప్పుడు చెప్పాడు: ఆషాఢంలో, అధికమాసంలో పెళ్లిళ్లుండవు, ఆర్డర్లుండవు. అయినా ఎవరి జీతమూ ఆపింది లేదు. ఆ రోజుల్లోనే వాళ్లు కొత్త డిజైన్ల శాంపిళ్లు కుడతారు. మా వెబ్‌సైట్‌లో ఫొటోలన్నీ ఆ శాంపిళ్లవే. అవి అమ్మేవి కావు కాబట్టి మేం వాటిని ఎప్పుడూ లెక్కలోకే తీసుకోలేదు.

"సుమ్నే, ఊరికినే కూర్చోబెట్టి జీతం ఇస్తాండారనుకుంటిరా?" అన్నాడు.

అలాగే అనుకున్నాం. తరవాతి కట్ట కోసం చేయి చాచాను.

గురువారం సాయంత్రం గీత మళ్లీ గీశాను. ఈసారి చుక్కలు బుద్ధిగా దాని వెంటే నడిచాయి. రెండు ఆషాఢాలవీ ఒక అధిక శ్రావణానిదీ, మూడు చుక్కలు మాత్రం ఎడమ అంచుకు ఆనుకుని ఉన్నాయి, జాకెట్లు దాదాపు లేకుండా. గీత చెప్పింది స్పష్టంగా ఉంది. జాకెట్లు లేకపోయినా అయ్యే ఖర్చు పెద్దదే గాని, ఆ పైన కుట్టే ఒక్కో జాకెట్టుకు అయ్యేది కాంట్రాక్టరు రేటులో సగం కూడా లేదు. ఏడాది మొత్తం మీద చూస్తే మన కార్ఖానాయే చవక.

శుక్రవారం మీటింగులో మొదట నా తప్పు చెప్పాను, తరవాత గీత చూపించాను. హెడ్ అంతా విని, నవ్వుతూనే మౌస్ అందుకున్నాడు. ఎడమ అంచున ఉన్న మూడు చుక్కలూ అవుట్‌లయర్లన్నాడు. మామూలు నెలలు కావు కాబట్టి తీసేస్తే మోడల్ నీట్‌గా ఉంటుందని, అందరూ చూస్తుండగా తీసేశాడు. మిగతా చుక్కలన్నీ కుడివైపు గుంపుగా మిగిలాయి. ఓవర్‌టైమ్ నెలలు కావడంతో గీత నిటారుగా లేచి, వెనక్కి వస్తూ సున్నా దగ్గరకు దిగిపోయింది. జాకెట్లు లేకపోతే ఖర్చే లేదట. ప్రతి జాకెట్టూ కాంట్రాక్టరు రేటుకన్నా ఖరీదట. ఒక్క క్లిక్కుతో!

నేను లేచి నిలబడ్డాను.

"ఆ నెలల్లో జాకెట్లు లేవు సార్, మనుషులున్నారు. వాళ్లకయ్యే ఖర్చు ఎంతో చూపించేవి ఆ మూడు చుక్కలే. వాటిని తీసేస్తే ఈ కాగితం మీద నా పేరు కూడా తీసేయండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. నిన్నటి దాకా తప్పు గీత చూపించిన మనిషివి, ఈ గీతను ఎందుకు నమ్మాలని అడిగాడు. మామూలుగా అయితే కూర్చునేదాన్ని. ఆ రోజు కూర్చోలేదు. తప్పు చేశాను కాబట్టే నమ్మమన్నాను. ఎక్కడ తప్పానో వెతికి, రెండు రోజులు నేల మీద కూర్చుని దిద్దుకొచ్చానని, ఆయన తప్పు దిద్దాలంటే చుక్కలు తిరిగి పెడితే చాలని చెప్పాను. చీటీల కట్టలు కూడా తెచ్చాను, కావలిస్తే ఇప్పుడే విప్పుదామని సంచి బల్ల మీద పెట్టాను. ఎవరూ విప్పలేదు. కాంట్రాక్టు మీద సంతకం చేయాల్సిన కంపెనీ యజమానురాలు చుక్కలు మళ్లీ పెట్టమంది. పెట్టాక తెర చూసి, కలం మూసేసింది. కాంట్రాక్టు కాగితాలు సంతకం లేకుండానే వెనక్కి పోయాయి.

ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు. నా పనితీరు నివేదికలో హెడ్ నీట్‌గా టైపు చేయించాడు, డేటా విషయంలో నాది మొండితనమని, నలుగురితో కలిసి పనిచేయడం నేర్చుకోవాలని. కింద చదివినట్టు సంతకం పెట్టమన్నారు, పెట్టాను. కొట్టివేయమని అడగలేదు, అడగను కూడా. నగర్తపేటలో పద్నాలుగు మందీ ఇంకా పనిలోనే ఉన్నారు. నాకు ఈ బేరం గిట్టింది.