పక్కింటి కోచ్ గారి కారు

అమెరికాలోని ట్రాయ్‌లో మా పక్కింటి నల్లజాతి పెద్దాయన ఒకప్పుడు పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. పంతొమ్మిదివందల ఎనభైల్లో ఇక్కడి కాలేజీ జట్టుకి అసిస్టెంట్ కోచ్. ఆటలో విరిగిన వేళ్లు ముడుచుకునేవి కావు. అయినా నేను పూజ ప్రసాదమిస్తే, కుడిచేతి కింద ఎడమచెయ్యి పట్టి ఒక్క మెతుకూ జారనిచ్చేవారు కాదు.

హెడ్ కోచ్ పదవి మూడోసారి ఖాళీ అయింది. ఈసారీ ఆయన్ని కాదని, ఆయన దగ్గర ఆట నేర్చుకున్న తెల్ల కుర్రాడికిచ్చారు. అతన్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్ట్‌కి ఈయనే బయల్దేరారు.

"మీకు రావాల్సిన పదవి. మీరెందుకండీ వెళ్లడం?" అన్నాను, ఒళ్లు మండి.

"మొదటిసారి వాడీ ఊరొచ్చినప్పుడూ నేనే వెళ్లాను, మేడమ్. నా కారు గుర్తుపడతాడు."

గుర్తుపట్టాడు. గురువు డ్రైవ్ చేస్తుంటే వెనకసీట్లో కూర్చుని వచ్చాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. ఈ దేశం చేర్చినందుకు రోజూ దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత మాత్రం నోట రాలేదు.