రఘురామ్ సారు ఎమ్మెస్సీ

నల్లపాడు స్టేషనుకు వెళ్లే దారిలో ఒక మేడమీద గదికి ‘రఘురామ్, ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఇంటర్ ట్యూషన్లు’ అని బోర్డు ఉంటుంది. అందులో రఘురామ్ నిజం, ఫిజిక్స్ నిజం, ట్యూషన్లూ నిజమే. ఎమ్మెస్సీ ఒక్కటే అబద్ధం. ఫైనలియర్లో ఒక పేపరు పోయింది. మళ్లీ రాద్దాంలే అనుకుంటూ పదిహేనేళ్లు గడిపేశాడు మహానుభావుడు. బోర్డు రాసేవాడు “డిగ్రీ ఏం వెయ్యమంటారు సార్?” అని అడిగితే నోట్లోంచి అదే వచ్చేసింది. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెబుతాడు, ఆ మాటా చెప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్లలో ఎవరూ ఆ మూడక్షరాల జోలికి పోలేదు.

జూన్‌లో ఎలీసమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. ఆమె గదిలోకి రాగానే చీరకు పట్టిన ఘాటుకి సారుకి రెండు తుమ్ములొచ్చాయి. కూతురు ఆరాధన సీనియర్ ఇంటర్, ఎంపీసీ. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే దిక్కు లేదు. కిందటేడు ఒకాయన దగ్గర చేర్పిస్తే, ఆయన గైడు ముందేసుకుని అదే చదివించి పంపేవాడు.

“ఏమనుకోబాకండయ్యా, ఒకసారి మోసపోయాం. తమ సర్టిఫికెట్ చూపిస్తే నా బిడ్డ చూసుకుంటది. మిర్చి యార్డులో బస్తా కోసి చూడకుండా కాయ కొనరు గదయ్యా” అంది ఎలీసమ్మ.

అడగడంలో తప్పేముంది? కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే స్థితి సారుది. దిగ్గున లేచాడు. “నువ్వా నా సర్టిఫికెట్ చూసేది? అందులో ఒక్క ముక్క చదవగలవా? నమ్మకం లేకపోతే పిల్లను తీసుకుని దిగు!” అని మేడ దద్దరిల్లేలా అరిచాడు.

ఎలీసమ్మ బిత్తరపోయింది. రెండు చేతులూ జోడించి, “తప్పయిపోయిందయ్యా, చదువు లేనిదాన్ని” అంది.

ఆ ‘నువ్వా’లో తన భయం ఎంత, ఆమె కూలిపనిని చూసి వచ్చిన పొగరెంత అని రఘురామ్ తర్వాత లెక్క వేసుకున్నాడు. తేలిన జవాబు చూసి తన మీద తనకే రోత పుట్టింది. పిలిచి నిజం చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేదు.

ఆరాధన చేరింది. ఒకసారి చెబితే పట్టేసేది. సారు తొందరలో ఎక్కడైనా తప్పు వేస్తే అందరి ముందూ అనేది కాదు. క్లాసయ్యాక వచ్చి, “సార్, అక్కడ మైనస్ కదా, నేనే తప్పు రాసుకున్నానా?” అని మెల్లగా అడిగేది. ఆ మర్యాదకి ఆయన ప్రాణం చచ్చిపోయేది.

దసరా సెలవులయ్యాక ఎలీసమ్మ మళ్లీ వచ్చింది. తనతో పనిచేసే కరీమున్‌నీ కొండమ్మనీ, వాళ్ల ఆడపిల్లలనీ వెంటబెట్టుకొచ్చింది. క్లాసు జరుగుతోంది. కరీమున్ గుమ్మంలోనే, “సారూ, తమరు ఎందాకా చదివారో...” అని మొదలుపెట్టింది.

ఎలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది. “ఆ మాట అడగబాక. ఆ రోజు బుద్ధి లేక నేనడిగా. గురువుని అనుమానించిన పాపం మనసులో ఉంచుకోలేక, ఆదివారం చర్చిలో మా సంఘం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పా. ఏడ్చా కూడా.”

రఘురామ్ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. చేయని తప్పుకి ఆ తల్లి చర్చి నిండా జనం ముందు ఏడ్చింది. చేసినవాడు ఇక్కడ దర్జాగా పాఠం చెబుతున్నాడు.

“నాకు ఎమ్మెస్సీ లేదమ్మా” అన్నాడు. “ఒక పేపరు పోయింది. బోర్డు అబద్ధం. దొరికిపోతానని భయపడి మీ మీద అరిచాను.”

ఎలీసమ్మకి కోపం కూడా రాలేదు. అర్థంకాక అలాగే చూసి, “మరి ఆ తప్పు నాదెట్టా అయిందయ్యా?” అని అడిగింది.

“తప్పు నాదేనని ఈ ఆదివారం నేనే వచ్చి మీ సంఘంలో చెబుతానమ్మా” అన్నాడు.

“సంఘం సంగతి తర్వాతయ్యా. ఆ రోజు నా బిడ్డ ముందే కదా తమరు నన్ను తిట్టింది. ముందు దానికి చెప్పండి.”

రఘురామ్ ఆరాధన వైపు తిరిగాడు. పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆరాధన మాత్రం తల దించేసుకుంది. ఆయన పడాల్సిన సిగ్గంతా తనే పడుతున్నట్టు ఆ పిల్ల చెంపలు కందిపోయాయి. “అమ్మా ఆరాధనా” అని రెండుసార్లు పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు.