నా నవలలోని వెట్టిపిల్ల

ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభై. మంచు విడిచి అరగంట అయింది. గాలి లేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ప్రత్తిపాడు అవతల ఒక మిరప కళ్లంలో, ఆ ఘాటుకు ఆగకుండా తుమ్ముతూ నిలబడి ఉన్నాను.

నేను పదవీ విరమణ చేసిన చరిత్రోపాధ్యాయుణ్ణి. శాసనంలో లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. రెడ్డిరాజుల కాలం నాటి ఒక కోట గురించి పిల్లల కోసం నవల రాసినప్పుడు కూడా పన్నులు, కొలతలు, తిథులు ఆధారం చూసుకునే వేశాను. అందులో ఒక పిల్ల ఉంది. ఊరి చివరి పల్లె నుంచి రోజూ కోటకు నీళ్లు మోస్తుంది, కూలి ఉండదు. వెట్టి.

ఆ నవలను జనవరిలో ఈ కళ్లం ఉన్న ఊరి బడిలో ఏడో తరగతికి టీచరుగారు చదివి వినిపించారు. వారం తిరక్కముందే, ఊరి చివరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయిని తోటిపిల్లలు "వెట్టిపిల్లా, నీళ్లు తే" అని పిలవసాగారట. టీచరుగారు మందలించాక, ఆమె వినేచోట మానేశారట. అంతే. నెలాఖరు నుంచి అమ్మాయి బడికి రావడం లేదు. ఆమెను మళ్లీ పంపమని అడగడానికే కళ్లానికి వెళ్లాను.

తల్లి మిరపకాయల రాశి పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. అమ్మాయి కూడా ముక్కుకు చున్నీ కట్టుకుని ఏరుతోంది.

"కూర్చోండి సారూ. ఈ కాయ పెద్దోళ్లనీ చిన్నోళ్లనీ చూడదు, అందర్నీ తుమ్మిస్తది," అంది తల్లి. తక్కిన ఆడవాళ్లు నవ్వారు.

వచ్చిన పని చెప్పాను. వెట్టి నా కల్పన కాదనీ, దానికి ఆధారాలున్నాయనీ కూడా చెప్పాను. అది చెప్పడం అవసరమనే అనుకున్నాను.

"అబద్ధమని నేనన్నానా అండీ? మా తాతా చేశాడు. ఆ నిజం నా పిల్లొక్కతే ఎందుకు మొయ్యాలి? ఆ నీళ్లు తాగినోళ్ల పిల్లలూ ఆ క్లాసులోనే ఉన్నారుగా, వాళ్లనేమని పిలుస్తున్నారు?"

నేను రాశిలోంచి ఒక తాలుకాయ తీసి పక్కన వేశాను.

అమ్మాయి చున్నీ కిందికి లాగింది. "తాతగారూ, ఆ పిల్ల చివరిదాకా అట్టా మోస్తానే ఉందేంటి? పారిపోవచ్చుగా?"

"అలా పారిపోయినట్టు ఎక్కడా ఆధారం లేదమ్మా."

"పారిపోయేది శాసనం రాసేవాళ్లకి చెప్పి పోద్దా?"

"ఒసేయ్, పెద్దాయనతో ఏంటా మాటలు!" అని తల్లి కసిరింది గాని, ఆమె ముఖంలో కోపం లేదు.

"నేనొచ్చి ఆ పిల్లలతో మాట్లాడతాను. నువ్వు వస్తావా?" అన్నాను.

"మీరు మాట్లాడి వెళ్లిపోతారు. నేను సాయంత్రందాకా ఉండాలి," అంది అమ్మాయి.

"సోమారం చూద్దాంలెండి," అంది తల్లి, తల ఎత్తకుండా.

సోమవారం మొదటి గంటకే తరగతిలో నిలబడ్డాను. నీళ్లు మోసిన పిల్ల ప్రస్తావన తేలేదు. "కోటలోవాళ్లు తమ నీళ్లు తామెందుకు తోడుకోలేదు?" అని అడిగాను. వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. టీచరుగారు హాజరు పిలవడం మొదలుపెట్టారు. నేను గుమ్మం వైపు చూస్తూ లెక్కపెట్టాను.

పట్టీలో పేర్లు ముప్పై రెండు. పలికినవారు ముప్పై ఒక్కరు.