చామంతికి పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్ అవతల ఇసుకలో మా నాయిన, వీసా ఇచ్చిన ఒక కఫీల్ దగ్గర ఆవుల మందను చూసేవాడు... పాలకు కాదు, మాంసానికి పెంచే మంద. కోడెదూడలు ఒళ్ళు చేయగానే లారీ ఎక్కేవి. ఆవులు మాత్రం ఏటా ఈనినంతకాలం ఉండేవి. చూడి కట్టని ఆవు నొసట నాయిన ఎర్ర రంగు చుక్క పెట్టేవాడు. శనివారం పొద్దున్నే లారీ వచ్చి, చుక్క ఉన్నవాటిని కబేళాకు తీసుకుపోయేది.

అందుకే మా అమ్మ అక్కడ ఏ ఆవుకూ బొట్టు పెట్టేది కాదు... ఊళ్ళో ఉండగా శుక్రవారం తప్పని మనిషి.

నేను ఊరుకుంటానా... ఒక శుక్రవారం అమ్మ కునుకు తీస్తుంటే కుంకుమ నూనెలో కలిపి చామంతి అనే ఆవుకు ఇంత బొట్టు పెట్టాను. ఏడు నెలల చూడిది. పెళ్ళికూతురిలా ఉందని నవ్వుకుని, మరిచిపోయాను.

మర్నాడు లేచేసరికి లారీ నిండింది... చివర చామంతి. చూడి ఆవు కబేళాకు పోతే దాని వెనకే నువ్వూ ఊరికి విమానం ఎక్కుతావని కఫీల్ నాయినకు ముందే చెప్పి ఉన్నాడు.

"ఖాన్ చాచా, చామంతిని దించు. అది సూడిది" అన్నాను డ్రైవరుతో.

"మొన్న టైర్ పంచర్ అన్నవ్. దిగి చూస్తే కుచ్ నహీ. ఆజ్ యే నాటక్" అని ఇంజను స్టార్ట్ చేశాడు.

అతన్ని అని లాభం లేదు, నా నోరు అలాంటిది... పోయి లారీ ముందు ఇసుకలో పడుకున్నాను. హారను మోతకు బోరు దగ్గర నుంచి నాయిన ఉరికొచ్చాడు. లారీ ఎక్కి, చామంతి నొసలు తువ్వాలతో తుడిచి, తువ్వాల వాసన చూశాడు.

"కుంకుమ... ఎవరు పెట్టిండ్రే?"

"నేనే నాయినా."

"నీ సోకు సల్లగుండ... ఖాన్ భాయ్, ఇది రెండు నెలలల్ల ఈనుతది. దించు."

కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చామంతి దిగుతుంటే నేను లారీ ఎక్కాను. మిగతా ఆవుల నొసళ్ళు నా గౌనుతో గట్టిగా తుడిచాను... ఒక్కదానిదీ పోలేదు.

"అవి సూడి లేని వట్టియే బిడ్డా... దిగు" అన్నాడు నాయిన, నా ముఖం చూడకుండా.

"యల్లా, చలో" అన్నాడు ఖాన్.

ఇప్పుడు ఆ ఇసుకలో టైల్స్ గోదాములు లేచాయి... నాయినా లేడు. చిన్నప్పుడు చేసి నాలుక కరుచుకున్న పనులు మీకూ ఉంటాయి, పత్తిత్తుల్లా కూర్చోకుండా కింద రాయండి... మనల్ని తిట్టేవాళ్ళు ఇంకెవరున్నారని.