నా బజ్జీల కోసం జరిగిన ప్రార్థన

మా అమ్మాయి నా రహస్యాన్ని దేవుడికి చెప్పింది. ఆయన చెవిలో చెప్పి ఊరుకుంటే నాకే ఇబ్బందీ లేకపోయేది. మా ఇంటి హాల్లో, చాపల మీద కూర్చున్న పాతికమంది వింటుండగా, మా చర్చి అయ్యగారు పనిగట్టుకుని అడిగిన తర్వాత చెప్పింది.

ముందు ఆ రహస్యం ఏమిటో చెప్పాలి. నేను పెడనలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. కాపురం బందరులో. మా ఆయన చేపల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తారు. పొద్దున్నే బండేసుకుని ముదినేపల్లి, నందివాడ వైపు చెరువులు తిరగడానికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అమ్మాయికి ఆరేళ్లు. అబ్బాయికి మూడు. పొద్దుటి నుంచి నాలుగింటిదాకా పెడన పిల్లలు నన్ను "టీచర్" అని పిలుస్తారు. నాలుగున్నర నుంచి నా పిల్లలు "అమ్మా" అని పిలుస్తారు. మధ్యలో ఆ అరగంటా బండి మీద ఉంటాను కాబట్టి లారీలు హారన్ కొడతాయి.

ఇంట్లో ఒంటరితనం దొరకదు. స్నానానికి వెళ్తే మావాడు తలుపు కింద సందులోంచి వేలు పెట్టి, "అమ్మా, నా వేలు చూడు" అంటాడు. చూశానంటే రెండో వేలు పెడతాడు. పదివేళ్లూ అయ్యాక, కాళ్లు గుర్తొస్తాయి.

ఆ చలికాలంలో ఓ గురువారం నిజంగానే మాకు సాయంత్రం మీటింగ్ అన్నారు. మా ఇంటిగలావిడని, పిల్లలు ఆవిణ్ణి అమ్మమ్మా అంటారు, కాస్త చూస్తుండమని ఫోన్ చేసి చెప్పాను. తీరా వెళ్తే మీటింగ్ వాయిదా పడింది. బందరు వచ్చేసరికి నాలుగున్నర. ఇంటికి వెళ్లాల్సిన మలుపు కనిపిస్తోంది. దానికి ముందే రోడ్డు పక్కన ఒక బజ్జీల బండి ఉంది. నేను మలుపు తిరగలేదు.

మిరపకాయ బజ్జీని మధ్యకి చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి కాగితంలో పెట్టిచ్చాడు బండాయన. నిలబడి తిన్నాను. ఎవరూ నా పైట లాగలేదు. ఎవరూ నా నోట్లోంచి ముక్క అడగలేదు. కారం నషాళానికి అంటి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, పెళ్లయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడు ఏడ్చానా అని ఆలోచించాను.

ఆ తర్వాత ప్రతి గురువారం నాకు మీటింగే.

అబద్ధం ఆడటం కష్టమని పాఠాల్లో చెబుతుంటాం గానీ, అదేమంత కష్టం కాదు. మా అమ్మాయి "ఇవాళ మీటింగ్‌లో ఏం చేశారమ్మా?" అంటే, "లెక్కలు ఎలా చెప్పాలో మాట్లాడుకున్నాం" అనేదాన్ని. "మరి ఎలా చెప్పాలి?" అంటే అదీ చెప్పేదాన్ని. రెండు నెలలు హాయిగా గడిచాయి. డ్రైనేజీ పని కోసం ఒక గురువారం ఆ పక్క రోడ్డు తవ్వేశారు. మా అమ్మాయి వచ్చే స్కూలు ఆటో చుట్టూ తిరిగి వచ్చింది. ఆటో అంచున కూర్చున్న మా అమ్మాయికి రోడ్డు పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి నములుతున్న వాళ్లమ్మ కనిపించింది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ సాయంత్రం అది ఒక్క మాట కూడా అడగలేదు. స్కూల్లో ఎవరి పెన్సిల్ ఎవరు కొరికారో కూడా వచ్చి చెప్పే పిల్ల, రెండు వారాలు నోరు మెదపలేదు. మీటింగ్ గురించి అడగటం మానేసింది. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అనుకున్నాను.

మా చర్చిలో వారానికొకరి ఇంట్లో సాయంత్రం ప్రార్థన పెడతారు. ఆ శుక్రవారం మా వంతు. మా అత్తగారు నాగాయలంక నుంచి రెండు రోజుల ముందే వచ్చి వంటింటిని స్వాధీనం చేసుకున్నారు. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయింది. అయ్యగారు ఎప్పటిలాగే డైరీ తీసి, "ఇంకెవరికైనా ప్రార్థన అంశాలున్నాయా?" అన్నారు. ఒకావిడ మోకాళ్లు చెప్పింది. ఇంకొకాయన కొడుకు పరీక్షలు చెప్పాడు. గట్టు తగాదా గురించి ఒకాయన ఎదుటివాళ్ల పేర్లతో సహా చెప్పాడు. అప్పుడు మా అమ్మాయి చెయ్యెత్తింది.

అందరూ ముచ్చటపడ్డారు. నేను కూడా పడ్డాను. "చెప్పమ్మా" అన్నారు అయ్యగారు.

మా అమ్మాయి లేచి నిలబడి చేతులు కట్టుకుంది. "మా అమ్మ ప్రతి గురువారం మీటింగ్ ఉందని అబద్ధం చెప్పి బజ్జీలు తింటుంది. ఒక్కతే తింటుంది. దేవుడు మా అమ్మ చేత అబద్ధాలు మాన్పించాలి." కూర్చోబోయి మళ్లీ లేచింది. "బజ్జీలు మాన్పించక్కర్లేదండి. మాకు కూడా తెస్తే చాలు."

మా ఆయన నా వైపు తిరిగారు. నేను కిటికీ వైపు తిరిగాను. అయ్యగారు పెద్దమనిషి. ముఖంలో ఏమీ కనపడనీయకుండా డైరీలో రాసుకున్నారు. పిల్లలకి ఎదురుగా కూర్చుని చదవడం నేర్పేదాన్ని కదా, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా చదవడం వచ్చు. గట్టు తగాదా కింద "టీచరమ్మ, బజ్జీలు" అని ఉంది.

తప్పించుకునే దారి లేదు. అందరూ తలలు వంచారు. మోకాళ్లయ్యాయి, పరీక్షలయ్యాయి, గట్టయింది. "ప్రభువా, ఈ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాం. నీ కుమార్తె పిల్లలతో, ఉద్యోగంతో అలసిపోతోంది, నీకు తెలుసు తండ్రీ. ఆమెకు విశ్రాంతినివ్వు. ఆ బజ్జీల విషయంలో..." ఇక్కడ ఆయన కొంచెం ఆగారు. దేవుడి ముందు ఆ మాటని ఎలా నడిపించాలో ఆయనకీ కొత్తే. "నీ చిత్తమే జరిగించు తండ్రీ."

ఆమేన్ అన్నారు. మామూలుగా కన్నా రెండింతలు గట్టిగా అన్నారు. నా పక్కనున్న పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది. ఆవిడకి ఆత్మావేశం వచ్చిందని వెనక కూర్చున్నవాళ్లు అనుకుని ఉంటారు.

అంతటితో అయిపోయుంటే బాగుండేది. సరిగ్గా అప్పుడే, హాల్లో జరిగిందేదీ వినపడని మా అత్తగారు వంటింట్లోంచి పెద్ద పళ్లెంతో వచ్చారు. వచ్చినవాళ్లకి ఫలహారంగా ఆవిడ పొద్దుగూకేదాకా పొయ్యి దగ్గర నిలబడి అరటికాయ బజ్జీలు వేశారు.

ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడిందని మర్నాడు ఇంటిగలావిడ చెప్పింది. అయ్యగారు కూడా ఆపుకోలేకపోయారు. మా అత్తగారు పళ్లెం పట్టుకుని, "ఏం, మాడాయా?" అని అందరి మొహాలూ చూస్తున్నారు.

అందరూ వెళ్లాక చాపలు చుడుతూ మా ఆయన అడిగారు. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండున్నర నెలలు."

"నాకు చెప్పొచ్చు కదా. నేనేమైనా వద్దంటానా?"

"చెబితే మీరూ వస్తానంటారు."

ఆయన చుట్టిన చాప మళ్లీ విప్పి మళ్లీ చుట్టారు. బాధపడ్డారని తెలుస్తూనే ఉంది. కానీ ఆ మాటలో అబద్ధం లేదు కాబట్టి వెనక్కి తీసుకోలేకపోయాను. మీరంటే ఇష్టం లేక కాదండీ, ఎవరూ లేకపోవడం అంటే ఇష్టం అని చెప్పాలని ఉంది. ఆ రెంటికీ తేడా చెప్పబోతే పోట్లాటలో దిగుతుంది.

మా అత్తగారు పళ్లేలు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఏరా, నా నడుం నొప్పి గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదమ్మా? నెలకోసారి అవనిగడ్డ ఆస్పత్రికి వెళ్లి నడుముకి కరెంటు పెట్టించుకునేదానివి కదా."

"నడుం నొప్పీ లేదు, కరెంటూ లేదు. పన్నెండింటి బస్సెక్కి వెళ్లి మ్యాట్నీ చూసేదాన్ని. ఒక సోడా తాగి సాయంత్రం బస్సుకి వచ్చేసేదాన్ని."

మా ఆయన చాప వదిలేశారు. "అమ్మా! ఆరో తరగతిలో నేను నీ నడుం కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను!"

"అందుకే కదరా, ఇప్పటికీ గట్టిగా ఉంది."

"నాన్నకి తెలుసా?"

మా మావగారు పోయి నాలుగేళ్లయింది. అత్తగారు కాస్త ఆలోచించి అన్నారు. "తెలిసే ఉంటుంది. ఒక నెల వరికోతల్లో పడి నేను మర్చిపోతే, 'ఈ నెల నీకు నడుం నొప్పి రాలేదేంటి?' అని అడిగి ఆయనే బస్సెక్కించారు."

ఆ మాట విన్నాక మా ఆయన నన్ను వదిలేశారు. అయితే వాళ్లమ్మని మాత్రం వదల్లేదు. ఏయే సినిమాలు చూశావు, బాల్కనీలో కూర్చున్నావా, కింద కూర్చున్నావా అని అన్నం తింటున్నంతసేపూ అడుగుతూనే ఉన్నారు. తన ఉపవాసాలకి లెక్క చెప్పాల్సిందేనని ఆయన పట్టు.

నాకు మిగిలింది మా అమ్మాయి. మర్నాడు జడ వేస్తూ, "నీకు అబద్ధం చెప్పాను. తప్పే. సారీ" అన్నాను.

"దేవుడికి చెప్పావా?"

"చెప్పాను."

"సరే, ఈ గురువారం నన్ను తీసుకెళ్లు."

తీసుకెళ్లాను. వాళ్ల స్కూలు వదిలే వేళకి వెళ్లి బండి ఎక్కించుకున్నాను. అది యూనిఫాంలో, వీపున బ్యాగుతో, బజ్జీల బండి ముందు తనిఖీకి వచ్చిన అధికారిలా నిలబడింది. మిరపకాయ తీసేసి, పై పిండి మాత్రం పెడతానని నేనంటే ఒప్పుకోలేదు. నాకెలా ఇచ్చాడో తనకీ అలాగే కావాలంది. ఒక్క కొరుకు కొరికింది. మొహం కందిపోయింది. నీళ్లు తాగింది, నాలుక బయటపెట్టి నా కొంగుకి రుద్దుకుంది, బండాయన ఇచ్చిన పంచదార నోట్లో పోసుకుంది.

"దీని కోసమా నువ్వు అబద్ధం చెప్పింది?" అంది ఊపిరి అందాక.

"దీని కోసం కాదు. కాసేపు ఒక్కదాన్నే ఉండటం కోసం."

అది మిగిలిన బజ్జీని నా కాగితంలో పెట్టేసింది. "మేం లేకపోతే నీకు బాగుంటుందా?"

నేను అబద్ధాలు మానాలని అంతమంది ముందు ప్రార్థన చేయించిన పిల్ల. నిజమే చెప్పాను. "ఇరవై నిమిషాలు బాగుంటుంది. తర్వాత బాగుండదు."

ఏడుస్తుందనుకున్నాను. అది తలూపింది. "నాకు కూడా తమ్ముడు లేకపోతే బాగుంటుంది."

"ఎంతసేపు?"

"వాడు పెద్దయ్యేదాకా."

నవ్వొచ్చి, ఉల్లిపాయ ముక్క గొంతుకి అడ్డం పడింది. అది నా వీపు తట్టింది. వాడికి కారం లేని అరటికాయ బజ్జీ ఒకటి కట్టించుకుని ఇంటికి వచ్చాం. వాడు పైన పిండంతా ఒలిచి నేల మీద పెట్టి, లోపలి అరటికాయ ముక్కని బొమ్మ బస్సులో ఎక్కించి పంపేశాడు.

ఆ తర్వాత గురువారాలు నాకు అధికారికంగా ఇచ్చేశారు. మా ఆయన ఆ రోజు పెందలాడే వస్తారు. ఇల్లంతా తుఫాను వెళ్లినట్టు ఉంటుంది గానీ పిల్లలు బతికే ఉంటారు. అనుమతి తీసుకుని తింటే బజ్జీ రుచి కొంచెం తగ్గిందని ఒప్పుకోవాలి. చర్చిలో ఆడవాళ్లు కనిపించినప్పుడల్లా "ఎలా ఉంది టీచరమ్మా, తగ్గిందా?" అని అడుగుతారు. ఇద్దరు మాత్రం పక్కకి పిలిచి, ఆ బండి ఎక్కడ పెడతాడో కనుక్కున్నారు.

నెల తిరక్కుండా మా ఆయన, "మరి నాకు?" అన్నారు. రోజంతా ఊళ్లు తిరిగే మనిషికి ఒంటరితనం ఏమిటండీ అన్నాను. "చెరువు దగ్గరికి వెళ్తే రైతు మాట్లాడతాడు, దిగొస్తే ఫోన్లో మా మేనేజర్ మాట్లాడతాడు. చేపలొక్కటే మాట్లాడవు" అన్నారు. న్యాయమే అనిపించింది. శనివారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఆయనకి ఇచ్చాను.

మొదటి శనివారం ఆయన చక్కగా తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని బయటికి వెళ్లారు. ఎక్కడికి వెళ్లాలో ఆలోచించుకోలేదనుకుంటాను. గేటు బయట బండి స్టాండు వేసి, దాని మీద కూర్చుని, వీధిలో వచ్చేపోయేవాళ్లని చూస్తూ ఇరవై నిమిషాలూ అక్కడే గడిపారు. పిల్లలిద్దరూ కిటికీ చువ్వలకి ముఖాలు ఆనించి, నాన్నని పిలవకూడదని నేను చెప్పాను కాబట్టి, నోళ్లు రెండు చేతులతో మూసుకుంటూ తీస్తూ ఆయన వీపునే చూస్తూ నిలబడ్డారు.