పండరి క్లారినెట్టు సన్నాయైన కథ

పండరికి ఏడాదంతా మరమగ్గం పని, పెళ్లిళ్ల కాలంలో బ్యాండు పని. సదానందం బ్యాండులో ముందు వరస క్లారినెట్టు అతనిదే. అలాంటివాడికి ముందు పళ్లు ఊడాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు గానీ, గట్టిగా ఊదితే పాటకంటే ముందు అవే బయటికి వచ్చేవి. సదానందం మొహమాటపడుతూనే క్లారినెట్టు మాన్పించి, అతని చేతికి వాయించే తాళాలిచ్చాడు. ఆనాటి నుంచి పండరి తన భార్య కమలతో కూడా సరిగా మాట్లాడలేదు.

మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మేనకోడలు యమునకు ఈ సంగతి తెలిసింది. ఒక ఆదివారం వచ్చి క్లారినెట్టు కొసన చిన్న మైకు అతికించి, వైరును ల్యాప్‌టాప్‌కు తగిలించింది. క్లారినెట్టు ఏ స్వరం పలికినా ల్యాప్‌టాప్ దాన్ని పట్టుకుని, మనం కోరిన వాద్యంలో స్పీకరు నుంచి వినిపిస్తుందని చెప్పింది. పండరి నమ్మకం లేకుండానే మెల్లగా ఊదాడు. గదినిండా సన్నాయి మోగింది. అతను వెనక్కి తిరిగి చూశాడు.

“ఎవలు ఊదిండ్రు గది?”

“నువ్వే మామా. నువ్వు జర ఊదితే చాలు, గట్టిగ వినిపించుడు దాని పని.”

ఆ పూట కమల అన్నానికి పిలిస్తే సితారుతో జవాబిచ్చాడు.

వర్ధన్నపేటలో పెళ్లి ఊరేగింపు. సదానందం పండరిని మళ్లీ ఒకసారి ఊదిచూడమన్నాడు. ల్యాప్‌టాప్, స్పీకరు, యమున ట్రాలీ ఆటోలో ఉన్నారు. పండరి ఊదడం ఆపి వైరు సర్దుకుంటుంటే, పెళ్లికొడుకు పెదనాన్న రాజేశ్వర్ రావు వచ్చి, ఆలస్యమవుతోందని క్లారినెట్టు ముందే నిలబడి తిట్టసాగాడు. మైకుకు పాటేదో తిట్టేదో తెలియదు. ఆయన మాటలన్నీ సన్నాయిలో ఊరికంతా వినబడ్డాయి. ఆయన గొంతు పెంచితే సన్నాయీ పైకెక్కింది. డోలువాళ్లు దానికి దరువు కలిపారు. సంగతి అర్థమయ్యేసరికి ఆయన తిట్లకు ఆయన భార్యే చిందేస్తోంది. కాసేపు చూసి, రాజేశ్వర్ రావు మైకు దగ్గరికి వంగాడు.

“జర మండపం దిక్కు నడువుండ్రి. ఆకలైతాంది.”

అదీ సన్నాయిలోనే వచ్చింది.

యమున సిగ్గుపడి, తర్వాత ఊపిరి ఊదినప్పుడు మాత్రమే మైకును పనిచేయించే చిన్న పరికరం తెచ్చి క్లారినెట్టు నోటి దగ్గర బిగించింది. పండరి మళ్లీ ముందు వరసలోకి వచ్చాడు. వాద్యాలు మార్చే మీటలు కూడా నేర్చుకున్నాడు, కాకపోతే పూర్తిగా కాదు. మొన్న ఖిలా వరంగల్‌లో అప్పగింతలప్పుడు వీణ అనుకుని డప్పు నొక్కాడు. ఏడుస్తున్న పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. పండరి నాలుక కరుచుకుని వీణ పెట్టాడు. అప్పుడామె తీరిగ్గా మళ్లీ ఏడ్చింది.