వంతులు పంచే మెరిన్

మెరిన్ ట్రెంబాత్ ఏం పని చేస్తుందని పెన్‌రోజ్ క్రీక్‌లో ఎవరిని అడిగినా "ఏదో కంప్యూటర్ల పని" అని ఊరుకుంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే చర్చి సంఘ పెద్ద క్లెమ్ నాన్‌కివెల్ దగ్గరికి పంపిస్తారు. ఎందుకంటే ఒకసారి ఆయన ఓపిగ్గా కూర్చుని ఆమె చేత చెప్పించుకున్నాడు. కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున కర్నెల్ అనే మూలపు ప్రోగ్రాము ఒకటి ఉంటుందనీ, పాట వినిపించేదీ, బొమ్మ చూపించేదీ, ఉత్తరం పంపేదీ, ఇలా నానా పనులూ ఒక్కసారే దాని గుమ్మంలో నిలబడితే ఎవరి వంతు ఎప్పుడో, ఎంతసేపో అదే తేలుస్తుందనీ, ఆ వంతుల పద్ధతి చూసేవాళ్లలో తనూ ఒకతెననీ మెరిన్ చెప్పింది. క్లెమ్ అంతా విని, టీ చివరి గుక్క తాగి, "అంటే లైన్లో నిలబెట్టడమా? మా సైలో దగ్గర ఆ పని కుక్క చేసేదమ్మా" అన్నాడు.

ఆ కుక్క మెరిన్ వాళ్ల నాన్నదే. ఆయన ధాన్యం నిల్వ చేసే సైలో దగ్గర లారీలు తూచే గదిలో ఉద్యోగం చేసేవాడు. బార్లీ కోతల రోజుల్లో లారీల వరుస రోడ్డు మలుపు దాకా ఉండేది. ముందొచ్చినవాళ్లది ముందు, అందులో తేడా లేదు. కానీ ఏ లారీలోనో తల్లి పక్కన చంటిబిడ్డ ఎండకి కందిపోతూ కనబడితే, ఆయన టోపీ పెట్టుకుని వరుస పొడుగునా నడిచి, ఒక్కొక్క డ్రైవరునీ "ఆవిడని ముందు పంపుదామా" అని అడిగి వచ్చేవాడు. కాదన్నవాళ్లు లేరు. తూకం గది కిటికీలోంచి ఇదంతా చూస్తూ పెరిగిన పిల్ల మెరిన్.

అడిలైడ్‌లో చదువు, కాన్‌బెరాలో కొన్నాళ్ల కొలువు అయ్యాక ఆమె తిరిగి ఊరికే వచ్చేసింది. రాగి గనుల కాలంలో ముత్తాత కట్టిన రాతి ఇంట్లో, బట్టలుతికే గదిని శుభ్రం చేసుకుని, అక్కడ బల్ల వేసుకుంది. తోటి పనివాళ్లు ప్రాగ్‌లో ఒకరు, ఒసాకాలో ఒకరు. మొహాలు చూసుకున్నది తక్కువ. రాసిన ప్రతి వాక్యాన్నీ ఉత్తరాల్లో చీల్చి చెండాడుకుంటారు, చివర్లో కృతజ్ఞతలు చెప్పుకుంటారు. ఆ చివరి కృతజ్ఞతల్లో వాళ్లకో ఆచారం ఉంది. ఒక లోపాన్ని సరిచేసి పంపేటప్పుడు, ఆ లోపం ముందుగా చెప్పినవాళ్ల పేరూ, సరైందో లేదో పరీక్షించి చూసినవాళ్ల పేరూ అడుగున తప్పకుండా రాయాలి. ఈ ఆచారం మెరిన్‌కి ఎంతో ఇష్టం. ప్రార్థనలో పేరు పేరునా తలుచుకున్నట్టు ఉంటుందని అనేది.

అంతకన్నా ఇష్టమైంది ఇంకోటుంది. మునుపు వంతులు పంచే పద్ధతిని మార్చాలంటే కర్నెల్‌ని తిరగరాసి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు ఒక చిన్న పద్ధతి రాసుకుని, నడుస్తున్న యంత్రానికే తొడగొచ్చు. వద్దనుకుంటే తీసేయొచ్చు. దీనికో కాపలా కూడా ఉంది. కొత్త పద్ధతి పంపకంలో ఏ పనైనా, ఎంత చిన్నదైనా, పెట్టిన గడువు దాటి వంతు రాకుండా పడి ఉంటే, కర్నెల్ దాని పేరు చెప్పి, కొత్త పద్ధతిని పీకేసి, పగ్గాలు పాత పద్ధతికి అప్పగిస్తుంది. మెరిన్ ఈ కాపలా గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త భక్తి వినబడేది.

ఇక చర్చి సంగతి. అక్కడి పాత ఆర్గన్‌ని చెదలు తినేశాయి. దాని బదులు, మూతపడ్డ బడి వాళ్లు ఇచ్చిన పాత కంప్యూటరుకి మెట్ల పలకలు తగిలించి, నిజమైన ఆర్గన్ గొట్టాల శబ్దాలు అందులో నింపుకున్నారు. వేళ్లతో వాయించే మెట్లు పైన, పాదాలతో తొక్కే మెట్లు కింద. వాయించేది బడి నుంచి రిటైరైన హెడ్లీ మాస్టారు. అదే యంత్రం గోడ మీద కీర్తన మాటలు చూపిస్తుంది, అదే ఆరాధనని వృద్ధాశ్రమానికి ప్రసారం చేస్తుంది. అక్కడ మంచంలో ఐలీన్ పెంగెలీ వింటుంది. చెదలు పట్టకముందు ఆ ఆర్గన్ వాయించింది ఆవిడే. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి మంచం దిగలేదు.

ప్రసారం ఆశ్రమం చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఇక్కడ కీర్తన అయిపోయినా అక్కడ ఆఖరి పాదం ఇంకా నడుస్తూనే ఉంటుంది. అందుకని పెన్‌రోజ్ క్రీక్ చర్చిలో పాట ముగిశాక ఎవరూ కూర్చోరు. ఐలీన్ ఆంటీ పాట అయ్యేదాకా అందరూ ఊరికే నిలబడే ఉంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పాస్టరు గారు చెప్పిందీ కాదు. కొత్తగా వచ్చినవాళ్లు టకీమని కూర్చుని, చుట్టూ చూసి, మళ్లీ లేస్తారు.

చిక్కల్లా యంత్రం ముసలిది కావడమే. కర్నెల్ అన్ని పనులకీ సమానంగా వంతులు ఇచ్చేది. సమానమే, పాపం, దానిలో దోషం లేదు. కానీ బొమ్మ ఒక్క క్షణం ఆలస్యమైతే ఎవరికీ తెలియదు, ఆర్గన్ ఒక్క క్షణం తడబడితే చర్చి అంతా ఉలిక్కిపడుతుంది. అందుకే మెరిన్ చర్చి కోసం తనే ఒక పద్ధతి రాసింది. ముందు ఆర్గన్. తర్వాత ప్రసారం. ఆ తర్వాత కీర్తన మాటలు. తక్కిన చిల్లర పనులన్నీ ఆఖర్న.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు దాన్ని తొడిగింది. మొదటి కీర్తన నిమ్మళంగా, నిండుగా సాగింది. హెడ్లీ మాస్టారు వెనక్కి తిరిగి మెరిన్‌కి కన్ను గీటాడు. రెండో కీర్తన మూడో చరణంలో స్వరం ఒకటి పటుక్కున తెగింది. ఆ తర్వాత పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు. కాపలా కొత్త పద్ధతిని పీకేసింది.

టీ దగ్గర క్లెమ్ మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. కసిరే మనిషి కాదు గానీ మాట దాచుకోడు. ఈస్టర్ రోజున చుట్టుపక్కల పొలాల నుంచి జనమంతా వస్తారని, వాళ్ల ముందు ఇలా అయితే బాగుండదని అన్నాడు. "పండగ దాకా చూస్తానమ్మా. కుదరకపోతే సీడీ పెట్టేద్దాం. మంచి గాయక బృందం పాడిన సీడీ మా ఇంట్లోనే ఉంది."

ఆ సాయంత్రమే మెరిన్ కుంకుమపువ్వు బన్నులు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లింది. సీడీ మాట ఐలీన్ చెవిన అప్పటికే పడింది. ఆవిడ బన్ను మీద ఎండుద్రాక్షలు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ, "సీడీ వాళ్లు నాకోసం ఆగరు కదా తల్లీ. హెడ్లీకి నా ఊపిరి తెలుసు. ప్రతి పాదం చివరా ఒక్క పిసరు ఆగుతాడు. ఆ పిసరులో ఊపిరి పీల్చుకుని అందుకుంటాను. వారమంతా నేను బయటి మనుషులతో కలిసి చేసే పని అదొక్కటే" అంది.

మెరిన్ ఇంకో బన్ను తీసి ఆవిడ ముందు పెట్టింది. ఐలీనే మాట మార్చింది. "ఇవాళ ముందు కాళ్లు పోయాయి. చేతులు పోయింది తర్వాత. గమనించావా?"

పాదాల మెట్ల మీద పలికే లోతైన శబ్దం ముందుగా మాయమైందని ఆవిడ అంటోంది. ముసలావిడ తనకు తెలిసిన భాషలో బాధ చెప్పుకుంటోందని మెరిన్ అనుకుంది, తలూపి ఊరుకుంది.

ఇంటికొచ్చి చూస్తే, గడువు దాటి పడి ఉన్న పని పేరు కాపలా చెప్పే ఉంది. డిస్కులోంచి శబ్దాలు అందించే చిన్న పని అది. ఆఖరి వరుసలోది. మెరిన్ పెదవి విరిచింది. ఇంత చిల్లర పని కాస్త ఆగితే ఏం మునిగిందని, దానికోసం పద్ధతి మొత్తం పీకేయాలా అని అనుకుని, కాపలా గడువును కర్నెల్ ఒప్పుకున్నంత మేర పొడిగించేసి, పద్ధతిని మళ్లీ తొడిగింది. ఈ పని చేసేవాళ్లందరూ జీవితంలో ఒకసారైనా చేసే తప్పు ఇది. ఎవరు ఆకలితో ఉన్నారని అడగడం మాని, అరుపు వినబడకుండా తలుపు వేయడం. గురువారం ఖాళీ చర్చిలో తనే రెండు కీర్తనలు వాయించి చూసుకుంది. పాదాల మెట్ల జోలికి పోలేదు, ఆమెకి అవి రావు. అంతా సవ్యంగా ఉంది.

శుభ శుక్రవారం ఆరాధన. శిలువ కీర్తన అసలే బరువైంది, హెడ్లీ మాస్టారి పాదాలు కింది మెట్ల మీదే ఎక్కువ తిరుగుతాయి. రెండో చరణానికి లోతు మాయమైంది. మూడో చరణంలో ఆర్గన్ మొత్తం మూగపోయింది. మాస్టారు చేతులు ఎత్తేసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాపలా గడువు ఎంతకీ రాలేదు. జనం మాత్రం ఆపలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, మెరిన్ వైపు అసలే చూడకుండా, వట్టి గొంతులతో ఆఖరి దాకా పాడేశారు. పాడి, ఎప్పటిలాగే నిలబడ్డారు. అవతల మంచంలో ఐలీన్‌కి ఏం చేరిందో ఎవరికీ తెలియదు.

ఆరాధన అయ్యాక హాల్లో టీ, శిలువ గుర్తు బన్నులు. వరుస నత్తలా కదులుతోంది. మెరిన్ చేతిలో బన్నుతో తల వంచుకుని నిలబడింది. ఒకచోట వరుస పూర్తిగా ఆగిపోయింది. టీ ఉంది, పాలున్నాయి, కప్పుల్లేవు. కప్పులు కడిగే డాట్ పెరీమన్ మర్యాదస్తురాలు. అందరూ తీసుకున్నాకే తను తీసుకోవాలని ఎప్పుడూ వరుస చివరే నిలబడుతుంది. ఇప్పుడూ అక్కడే, చేతిసంచీ పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది.

క్లెమ్ వెనక్కి తిరిగి కేకేశాడు. "డాట్, ముందుకు రావమ్మా. నువ్వు ఆఖర్న నిలబడితే మేమంతా నిలబడి ఉండాల్సిందే."

"నాకేం తొందర లేదులే క్లెమ్."

"నీకు లేదమ్మా, మాకుంది."

అందరూ నవ్వారు. డాట్ సిగ్గుపడుతూ వరుస దాటుకుని ముందుకి నడిచింది. మెరిన్ నవ్వలేదు. ముందు కాళ్లు పోయాయి, చేతులు పోయింది తర్వాత. ఐలీన్ ఆంటీ మాట ఇప్పుడు అర్థమైంది. ఆర్గన్‌ని అన్నిటికన్నా ముందు నిలబెట్టింది తను. కానీ పాదాల మెట్ల శబ్దాలు పెద్దవి, అవి డిస్కులోంచి రావాలి, తెచ్చిపెట్టేది ఆ చిన్న పని. దాన్ని తనే వరుస చివరికి తోసేసింది. ముందున్న ఆర్గన్ చేతులు చాపుకుని ఎదురుచూస్తుంటే, దానికి కప్పు అందించాల్సిన మనిషి ఆఖర్న నిలబడి ఉంది. బన్ను అక్కడే బల్ల మీద పెట్టేసి ఇంటికి నడిచింది. దారిలో నాన్న గుర్తొచ్చాడు. వరుస పొడుగునా నడిచి అడిగేవాడు ఆయన. తను ఎవరినీ అడగలేదు.

శనివారం పొద్దున్నే కూర్చుని, కర్నెల్‌లో ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో గమనించే ఏర్పాటు పెట్టి చూసుకుంది. అనుకున్నదే. పద్ధతిని మార్చింది. ఆర్గన్ ఎవరికోసమైనా ఆగాల్సి వస్తే, ఆ పని ఎంత చిల్లరదైనా, ఆగినంతసేపూ దానికి ఆర్గన్ వంతే దక్కుతుంది. పని అయ్యాక మళ్లీ తన చోటికి పోతుంది. ఆ తర్వాత కాపలా గడువును మునుపున్నంత పొట్టిగా చేసేసింది. ఆ వేళ చేసిన పనుల్లో దానికే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. సాయంత్రం హెడ్లీ మాస్టారిని పిలిచి, పాదాలతో మాత్రమే వాయించమంది. ఆయన బూట్లు విప్పి, మేజోళ్లతో, ఊళ్లో కిటికీలు అదిరేట్టు వాయించాడు.

ఈస్టర్ ఆదివారం చర్చి నిండిపోయింది. క్లెమ్ గోడవారగా నిలబడ్డాడు. కోటు జేబులో సీడీ పలచగా పైకి కనబడుతూనే ఉంది. ఇంకో జేబులో ఫోను. ఆశ్రమంలో నర్సుకి ముందే చెప్పి ఉంచాడు. పునరుత్థాన కీర్తన ఎత్తుకున్నారు. మొదటి చరణం, రెండో చరణం. పాదాల మెట్ల లోతు బెంచీల కింద నుంచి ఒళ్లంతా పాకింది. మెరిన్ ప్రార్థించలేదు, పాడలేదు, హెడ్లీ మాస్టారి మేజోళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. మూడో చరణంలో మాస్టారు ఒకచోట తప్పు మెట్టు నొక్కాడు. ఆ తప్పు కూడా తెగకుండా, పూర్తిగా, స్పష్టంగా వినబడింది.

పాట అయింది. అందరూ నిలబడ్డారు. క్లెమ్ ఫోను తీసి గట్టిగా వినబడేట్టు నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఫోనులో హెడ్లీ మాస్టారి ఆర్గన్ ఆఖరి పాదం పలుకుతోంది. దాని మీద సన్నగా, వణుకుతూ, ఊపిరి పీల్చాల్సిన చోట పీల్చుకుంటూ, ఐలీన్ గొంతు. ఆవిడ ఆఖరి స్వరం విడిచేదాకా చర్చిలో ఒక్క బెంచీ కిర్రుమనలేదు.

క్లెమ్ ఫోను జేబులో వేసుకున్నాడు. టీ దగ్గర సీడీ తీసి మెరిన్ చేతిలో పెట్టాడు. "ఇంట్లో వినడానికి బాగుంటుందమ్మా, ఉంచుకో" అన్నాడు. డాట్ అప్పటికే కప్పుల దగ్గర ఉంది. ఎవరో ఆవిడకి మొదటి టీ పోసి ఇచ్చారు.

మర్నాడు మెరిన్ ఆశ్రమానికి వెళ్లింది. మూడో చరణంలో హెడ్లీ చేసిన తప్పు గురించి ఐలీన్ చాలాసేపు మాట్లాడింది. ఆవిడని అంత హుషారుగా చూసి చాలా నాళ్లయింది. అదంతా అయ్యాక మెరిన్ శుక్రవారం టీ వరుసలో డాట్ వల్ల తనకి లోపం తెలిసొచ్చిన వైనం చెప్పి, అసలు సంగతి ఎత్తింది. ఈ సవరణని తోటివాళ్లకి పంపుతున్నాననీ, లోపం ముందుగా చెప్పినవాళ్ల పేరు అడుగున రాయడం ఆచారమనీ, మీ పేరు రాయనా అనీ అడిగింది.

"నేనేం చెప్పాను తల్లీ?"

"ముందు కాళ్లు పోయాయన్నారు. నేను వినలేదు ఆంటీ."

ఐలీన్ కిటికీ వైపు చూసింది. బయట దుక్కి కోసం తొలి వానకి ఎదురుచూస్తున్న పొలాలు.

"రాయి మరి. ప్రాగ్‌లో నన్నెవరైనా ఎరుగుదురా?"

"ఎరగరు. పెంగెలీ గారి దగ్గర ఏ యంత్రం ఉందని అడుగుతారు."

"మంచముందని చెప్పు" అంది ఐలీన్. తర్వాత కాస్త ఆలోచించి, దుప్పటి సర్దుకుంటూ, "డాట్ పేరు కూడా రాయి. ఊరికే అయినా రాయి. ఇన్నేళ్ల నుంచి ఆఖర్న నిలబడుతోంది" అంది.

మెరిన్ రెండు పేర్లూ రాసింది.